ఫోను మార్చే ముందు మీ వేళ్ళనడగండి

"బటన్లుండాలి, వాట్సాపూ ఉండాలి. అలాంటి ఫోనేదైనా ఉంటే చెప్పండి!"

పాత ఫోను పాడైపోగానే మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చాలామంది ఆడవాళ్ళు అడిగే మాట ఇది. ఇంట్లో పిల్లలేమో "ఎన్నాళ్ళమ్మా ఈ డబ్బా ఫోను? టచ్‌ది కొనుక్కో" అంటారు. సరేనని కొంటే, పత్తి చేలో నిలబడి ఒక్క ఫోను ఎత్తడానికి నాలుగుసార్లు వేలితో గీకాలి. అవతలివాళ్ళు విసుగెత్తి పెట్టేస్తారు. "నీకు చేతకాదులే, ఇటివ్వు" అని ఎవరో ఒకరు ఫోను లాక్కుంటారు. అక్కడితో ఆ ఫోను మీదే అయినా, దాని తాళంచెవి మాత్రం వేరొకరి చేతిలోకి పోయినట్టే!

అందుకని ఈ వారం ఫోను కొనుగోలు గురించే మాట్లాడుకుందాం. వంటింట్లో చట్టి కొనేటప్పుడు నాలుగువైపులా తట్టి చూస్తామే... వేలకు వేలు పోసే ఫోనును మాత్రం పిల్లలు చూపించిందే కొనుక్కు రావడం ఏం న్యాయం చెప్పండి?

చేతకానితనం కాదు, చర్మం సంగతి!

ముందుగా ఒక అపోహ పోవాలి. టచ్ ఫోను మీ మాట వినడం లేదంటే మీకు తెలివి లేదని కాదు. ఆ అద్దం వేలి ఒత్తిడిని చూడదు. మన వేలు తగిలినప్పుడు అద్దం మీద ఉండే విద్యుత్తులో వచ్చే చిన్న మార్పును పట్టుకుంటుంది. వేలి చర్మం బాగా ఎండి, మొరటుదేరి ఉంటే ఆ మార్పు సరిగా అందదు. వేలికి గుడ్డ చుట్టుకున్నా, రబ్బరు తొడుగు వేసుకున్నా అంతే. తడి చేతితో ముట్టుకుంటేనేమో నీటిచుక్కను కూడా వేలే అనుకుని, మనం అడగనిదేదో తెరిచి కూర్చుంటుంది.

పత్తి తీతకు వెళ్ళే వాళ్ళ వేళ్ళు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా? ఎండిన కాయ మొనలు గీసుకుని గీసుకుని కొసలు కాయలు కాస్తాయి. మిరప కల్లాల్లో తొడిమలు తీసే వాళ్ళ సంగతి ఇంకా కష్టం. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని కూర్చుంటారు. ఆ వేళ్ళతో అద్దం మీద గీకితే ఏం పలుకుతుంది? వేలిముద్ర తాళం కూడా ఒక్కోసారి తెరుచుకోదు. రేఖలు అరిగిపోతే యంత్రం మాత్రం ఏం చేస్తుంది!

బటన్‌కు ఈ గొడవ లేదు. నొక్కితే నొక్కినట్టే. పైగా 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని వేలితో తడుముకుని, చూడకుండానే ఏ నంబరైనా కొట్టవచ్చు. 2003లో వచ్చిన నోకియా 1100 గుర్తుందా? బటన్ల సందుల్లోకి దుమ్ము పోకుండా ఒకే రబ్బరు తొడుగు, నెత్తిన టార్చిలైటు. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటే ఊరికే కాదు. మనలాంటి దుమ్ము, చీకటి, కరెంటు కోతల ఊళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసిన ఫోనది.

రెండూ ఉన్న ఫోన్లు రాలేదా?

వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలన్నీ విడివిడిగా బటన్లుగా ఉండే ఫోన్లకు ఒకప్పుడు బ్లాక్‌బెర్రీ పెట్టింది పేరు. ఆఫీసర్ల చేతుల్లో, సినిమాల్లో చూసే ఉంటారు. ఆండ్రాయిడ్‌తో, బటన్లతో వచ్చిన బ్లాక్‌బెర్రీ కీ2 మన దేశానికి 2018 జూలైలో వచ్చింది. ధర అక్షరాలా 42,990 రూపాయలు! ఆ ఫోన్లు తయారుచేసే టీసీఎల్ కంపెనీ 2020 ఆగస్టు 31తో అమ్మకాలు ఆపేసింది. బ్లాక్‌బెర్రీ సొంత పద్ధతిలో నడిచే అంతకంటే పాత ఫోన్లకైతే 2022 జనవరి 4తో సేవలే నిలిచిపోయాయి. కాబట్టి ఎవరైనా "తక్కువలో బ్లాక్‌బెర్రీ ఇప్పిస్తా" అంటే ఆశపడకండి. పాత ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లను బ్యాంకు యాప్‌లు, వాట్సాపు ఒక్కొక్కటిగా వదిలేస్తూ వస్తాయి. బ్యాటరీ పోతే మార్చేవాడూ దొరకడు.

చైనాలోని యూనిహెర్ట్జ్ అనే కంపెనీ 2019 నుంచి టైటాన్ పేరుతో ఇలాంటి బటన్ల స్మార్ట్ ఫోన్లు తెస్తోంది. 2025లో టైటాన్ 2 కూడా తెచ్చింది. ఐఫోనుకు కింద తగిలించుకునే క్లిక్స్ అనే బటన్ల తొడుగు 2024లో వచ్చింది. బాగానే ఉన్నాయి గానీ, ఇవి మన చిలకలూరిపేటలోనో అద్దంకిలోనో అద్దాల బీరువాలో కనబడే సరుకు కాదు. బయటి నుంచి తెప్పించుకోవాలి. రిపేరొస్తే ఎవరికివ్వాలి? ఆ పైన, బటన్ల మీద ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు రాసుకునే వాళ్ళకు ఆ బటన్లతో సగం సుఖమే.

మనకు అందుబాటు ధరలో వచ్చిన ఫోను ఒకటుంది. జియోఫోన్ 2. అడ్డంగా తెర, కింద అక్షరాలన్నింటికీ బటన్లు, ధర 2,999 రూపాయలు. 2018 ఆగస్టులో అమ్మకానికి పెట్టారు. అంతకు ముందు ఏడాది, 2017లో వచ్చిన మొదటి జియోఫోన్ 1,500 రూపాయల డిపాజిట్టుకే దొరికింది. 2018 సెప్టెంబరులో ఈ ఫోన్లకు వాట్సాప్ కూడా వచ్చేసరికి, బటన్లు కావాలి, వాట్సాపూ కావాలి అనే వాళ్ళ కోరిక తీరినట్టే అయ్యింది.

కానీ ఆ ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. 2024 జూన్ తరువాత ఆ ఫోన్లలోకి వాట్సాప్ కొత్తగా దించుకునే వీలు పోయింది. 2025 మొదట్లో, అప్పటికే ఉన్నవాళ్ళకు కూడా ఆగిపోయింది. ఫోను చెడిపోలేదు, బటన్లు అరగలేదు... అయినా సగం పని చేయడం మానేసింది. ఇది తెలియక ఇప్పటికీ పాత జియోఫోన్లు వాట్సాప్ కోసం కొనేవాళ్ళున్నారు. మీరు మాత్రం కొనకండి.

వాట్సాప్ లేకపోతే కొంప మునిగిపోతుందా?

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" అని కొట్టిపారేయడానికి లేదు ఇప్పుడు. సరిగ్గా బటన్ల ఫోన్లలో వాట్సాప్ పోతున్న రోజుల్లోనే, 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. మొదటి రోజే 161 సేవలన్నారు. 95523 00009 నంబరుకు వాట్సాప్‌లో పలకరిస్తే సర్టిఫికెట్ల దగ్గర్నుంచి బిల్లుల దాకా అందులోనే చూసుకోవచ్చు.

పత్తి రైతులకైతే ఇంకా ముఖ్యమైన సంగతి. 2025-26 సీజనుకు కాటన్ కార్పొరేషన్ వాళ్ళు "కపాస్ కిసాన్" అనే యాప్ పెట్టారు. మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే అందులో రైతు పేరు, పొలం వివరాలు నమోదు చేసుకోవాలి, పత్తి ఎప్పుడు తెచ్చేదీ అందులోనే రోజు ఎంచుకోవాలి అన్నారు. ఆ సీజనులో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. పొలం తన పేరనే ఉన్న ఆడమనిషి, చేతిలో బటన్ల ఫోనే ఉంటే ఏం చేస్తుంది? ఆధార్ కాగితం పట్టుకుని ఎవరింటికో వెళ్ళాలి. "ఓటీపీ వచ్చిందా పిన్నీ, చెప్పు" అంటే చెప్పాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉందండీ. బటన్లదా, టచ్‌దా అన్నది పైకి కనిపించే ప్రశ్న. మీ డబ్బు సంగతి, మీ పొలం సంగతి మీ వేళ్ళతో మీరే నొక్కుకోగలరా, లేక మరొకరికి అప్పజెప్పాలా అన్నది లోపలి ప్రశ్న. మిరపకాయలమ్మిన డబ్బు మీ ఖాతాలో పడుతుంది. తొడిమల కూలీ కూడా కొన్నిచోట్ల ఫోనులోనే వేస్తున్నారు. పిన్ నంబరు మనవడికి, ఓటీపీ షాపు కుర్రాడికి చెప్పే అలవాటు పడితే, ఎంత మంచివాళ్ళైనా సరే, మీ బీరువా తాళం వీధిలో వేలాడదీసినట్టే. కొనబోయే ఫోను ఎంత ఖరీదుదైనా, ఈ ఒక్క పరీక్షలో నెగ్గకపోతే అది మీకు పనికొచ్చే ఫోను కాదు.

మూడు దారులున్నాయి

మొదటి దారి: 4జీ బటన్ల ఫోను ఒక్కటే.
మాట్లాడటం, మెసేజీ చదవడం, కొద్దిపాటి చెల్లింపులు... మీకివి చాలనుకుంటే హాయిగా ఇదే తీసుకోండి. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు బటన్ల ఫోన్ల కోసమే యూపీఐ 123పే అనే పద్ధతి ప్రారంభించింది. ఇంటర్నెట్ లేకపోయినా, ఒక నంబరుకు ఫోను చేసి, అడిగిన వాటికి బటన్లు నొక్కుతూ డబ్బు పంపవచ్చు. ఒక్కో చెల్లింపుకు మొదట 5 వేల వరకే ఉండేది. దాన్ని 10 వేలకు పెంచుతున్నట్టు 2024 అక్టోబరులో ప్రకటించారు. 2023లో వచ్చిన నోకియా 106 4జీలాంటి ఫోన్లలో ఈ ఏర్పాటు లోపలే అమర్చి ఇచ్చారు. అదే ఏడాది 999 రూపాయలకు వచ్చిన జియోభారత్‌లో జియోపే ఉంది. అయితే దాంట్లో జియో సిమ్మే పనిచేస్తుంది. ఇంకో సంగతి. జియోకు 2జీ లేదు. 2జీ ఫోను కొనుక్కొచ్చి జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. అట్ట మీద "4జీ" అని ఉందో లేదో చూసే డబ్బులివ్వండి.

రెండో దారి: రెండు ఫోన్లు.
"ఒక్కదానికే దిక్కులేదు, రెండా?" అనకండి. ఇంట్లో పిల్లలు మార్చేసిన టచ్ ఫోను ఎక్కడో ఒకటి ఉండనే ఉంటుంది. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ బటన్ల ఫోనులో వేసుకుని చేలోకి, కల్లంలోకి అది తీసుకెళ్ళండి. టచ్ ఫోనులో మీ పేరనే తీసుకున్న మరో సిమ్ వేసి, దాన్ని ఇంట్లో ఉంచండి. వాట్సాపూ, మన మిత్రా, పత్తి యాపూ సాయంత్రం చేతులు కడుక్కుని, తీరిగ్గా కూర్చుని చూసుకోవచ్చు. పొలంలో ఫోను కింద పడినా, కాలవలో జారినా పోయేది చిన్న ఫోనే. దానికి రీచార్జి రెండు చోట్లా అవుతుంది, నిజమే. ఆ లెక్క ముందే వేసుకోండి.

మూడో దారి: టచ్ ఫోనునే మన దారికి తెచ్చుకోవడం.
రాసే పని ఎక్కువగా ఉన్నవాళ్ళకు, అంటే డ్వాక్రా గ్రూపు లెక్కలు రాసేవాళ్ళకు, చిట్టీలు చూసుకునేవాళ్ళకు, పిల్లలకు పెద్ద పెద్ద ఉత్తరాలు రాసేవాళ్ళకు ఇది మేలు. కంప్యూటరుకు వాడే మామూలు కీబోర్డును ఓటీజీ అనే చిన్న వైరుతో టచ్ ఫోనుకు తగిలించవచ్చు. వైరు లేని బ్లూటూత్ కీబోర్డులూ ఉన్నాయి. తెలుగు అక్షరాలు పడుతున్నాయో లేదో షాపులోనే మీ పేరు కొట్టి చూసుకుని తీసుకోండి. కీబోర్డు వద్దనుకుంటే నోటితో చెప్పినా సరే. 2017 నుంచి గూగుల్ తెలుగు మాటను అక్షరాల్లోకి మారుస్తోంది. మైకు బొమ్మ నొక్కి చెప్పడమే. పిన్నూ, ఓటీపీ మాత్రం పదిమందిలో నోటితో చెప్పకూడదు సుమా!

కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్, డిస్‌ప్లే కిందికి వెళితే టచ్ సెన్సిటివిటీ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే మొరటు వేళ్ళకు కాస్త త్వరగా పలుకుతుంది. అక్షరాల సైజు పెంచుకోండి. కీబోర్డు ఎత్తు కూడా పెంచుకునే వీలుంటుంది. వేలిముద్ర పట్టకపోతే దానితో కుస్తీ పట్టకుండా అంకెల తాళం పెట్టుకోండి.

షాపుకి వెళ్ళినప్పుడు

పిల్లలు వెంట వస్తే రానివ్వండి, కానీ ఫోను మొదట మీ చేతిలోకి తీసుకోండి. ఉదయం పని చేసిన చేతులతోనే వెళితే మరీ మంచిది.

- కళ్ళు మూసుకుని మీ ఇంటి నంబరు కొట్టండి. మూడుసార్లలో రెండుసార్లు తప్పు పడితే ఆ బటన్లు మీకు చిన్నవి.

- తెలుగులో మీ పేరు, మీ ఊరి పేరు రాసి చూడండి. బటన్ల ఫోనులో ఒక్కో బటన్ కింద చాలా అక్షరాలుంటాయి. గుణింతాలు, వత్తులు వచ్చేసరికి ఎన్ని నొక్కులు పడుతున్నాయో తెలుస్తుంది.

- షాపు బయట రోడ్డు మీదికొచ్చి ఒక ఫోను చేయండి. లారీల రొదలో అవతలి మాట వినిపిస్తే గుంటూరు మిర్చి యార్డులోనైనా వినిపిస్తుంది.

- ఎండలో తెర కనబడుతుందా? బ్యాటరీ ఊడదీసి మార్చుకునే రకమా? సిమ్ ఏ సైజుదీ?

- సెకండ్ హ్యాండుదైతే *#06# కొట్టండి. 15 అంకెల నంబరొకటి వస్తుంది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కేవైఎం అని రాసి, కాస్త ఖాళీ వదిలి, ఆ నంబరు కొట్టి 14422కు మెసేజీ పంపండి. ఆ ఫోను వివరాలు వస్తాయి. దొంగ ఫోనని తేలితే అక్కడే వదిలేసి రావచ్చు.

- బిల్లు అడగండి. "మనోళ్ళేలే" అన్నా సరే అడగండి.

పాతది వదిలించుకునే ముందు

పాత ఫోను పాత సామాన్ల వాడికి వేసేముందు అందులోని నంబర్లన్నీ సిమ్‌లోకో, కొత్త ఫోనులోకో ఎక్కించుకోండి. సిమ్‌లో సుమారు 250 నంబర్లే పడతాయి కాబట్టి, కమీషన్ దుకాణం, కోల్డ్ స్టోరేజీ, ఆసుపత్రి, పిల్లల హాస్టలు... ఈ నంబర్లు ఒక నోటు పుస్తకంలో కూడా రాసి పెట్టుకోండి. ఇదొక్కటీ పాత పద్ధతే మేలు. సిమ్మూ, మెమరీ కార్డూ తీసేయండి. టచ్ ఫోనైతే బ్యాంకు యాప్‌లు తొలగించి, ఫోను మొత్తం చెరిపేసి ఇవ్వండి.

కొత్త ఫోనులో చెల్లింపుల యాప్ మళ్ళీ నమోదు చేసుకోవాలి. ఆ పని మీ ఎదురుగానే జరగాలి. పిన్ నంబరు అడిగేచోట మాత్రం ఫోను మీ చేతిలోకి తీసుకుని మీరే నొక్కండి. అవతలివాళ్ళను కాసేపు అటు తిరగమనడానికి మొహమాటం ఎందుకు? ఒక్క మాట గుర్తుంచుకోండి. డబ్బు పంపడానికి పిన్ కావాలి. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "మీకు డబ్బులొస్తాయి, పిన్ కొట్టండి" అన్నాడంటే వాడు మోసగాడే. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైతే ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

మిరప చేతుల వారికి ప్రత్యేకం

తొడిమలు తీస్తూ ఫోను ఎత్తితే ఘాటు ఫోనుకు అంటుతుంది. ఫోను నుంచి చెంపకు, చెంప నుంచి కంటికి! ఆ ఘాటు నీళ్ళకు కరగదు, నూనెకు కరుగుతుంది. అందుకే ఎంత కడిగినా మంట పోనట్టుంటుంది. పనిలో కూర్చునే ముందు చేతులకు కాస్త కొబ్బరినూనె రాసుకోండి. లేచాక మళ్ళీ నూనెతో రుద్ది, ఆ తరువాత సబ్బుతో కడగండి. ఫోనును పలచటి పాలిథిన్ కవరులో పెట్టి ఉంచితే పైనుంచే బటన్లు నొక్కవచ్చు, టచ్‌దైనా చాలావరకు పలుకుతుంది. సాయంత్రానికి కవరు మార్చేస్తే సరి. పని మధ్యలో ఫోను చెవి దగ్గర పెట్టుకోకుండా స్పీకరులో మాట్లాడండి. బటన్ల సందుల్లో చేరిన కారపు దుమ్మును, ఫోను ఆపేసి, పాత పళ్ళ బ్రష్‌తో పొడిగా దులపండి. నీళ్ళు చల్లకండి.

ఇక మీ ఇంట్లో ఏ దారి కుదురుతుందో మీరే తేల్చుకోండి. బటన్ల ఫోను కొన్నంత మాత్రాన వెనకబడిపోయినట్టూ కాదు, టచ్ ఫోను కొన్నంత మాత్రాన ముందుకు పోయినట్టూ కాదు. కల్లం లెక్క ముగిసి ఖాతాలో డబ్బు పడిన రోజున, ఎంత పడిందో ఎవరినీ అడగకుండా మీరే చూసుకోగలిగితే, మీరు కొన్నది సరైన ఫోనే!